మాడ్రిడ్ లావపియెస్‌లో అమ్మానాన్నలతో ఐదు రోజులు: ఎక్కడ తినాలి?

తూర్పుగాలి | సెప్టెంబరు 24

అందరికీ నమస్కారం. నేను నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అక్టోబరులో అమ్మానాన్నలు రాజమహేంద్రవరం నుంచి వస్తున్నారు. వాళ్ళతో కలిసి ఐదు రోజులు మాడ్రిడ్ వెళ్తున్నాం. గది లావపియెస్‌లో దొరికింది. రెయినా సోఫియా మ్యూజియానికి నడిచి వెళ్ళవచ్చని అక్కడే తీసుకున్నాను. నాన్న బడిలో చిత్రలేఖనం నేర్పి రిటైరయ్యారు. అక్కడున్న పికాసో గెర్నికా చిత్రాన్ని కళ్ళారా చూడాలని ఆయనకు నలభై ఏళ్ళుగా ఉంది.

చూడాల్సినవి తేలిపోయాయి, తినే సంగతే తేలలేదు. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్న గొడ్డుమాంసం తప్ప అన్నీ తింటారు, కొత్తవి రుచి చూడటం ఆయనకు సరదా. ఇద్దరికీ రాత్రి ఎనిమిదికల్లా భోజనం అయిపోవాలి. నాన్నకు మోకాళ్ళ నొప్పి. గదిలో పొయ్యి ఉంది కానీ, ఇంత దూరం తీసుకొచ్చి అమ్మను మళ్ళీ పొయ్యి ముందు నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. ఎవరో వండి వడ్డిస్తే ఆవిడ కూర్చుని తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ పేటలో ఉన్నవాళ్ళు, తిరిగినవాళ్ళు దయచేసి చెప్పండి.

ఎంబహదోరెస్ నివాసి | సెప్టెంబరు 24

తూర్పుగాలి గారూ, లావపియెస్‌లో నేను తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. మంచి చోటే తీసుకున్నారు. ముందు నాన్నగారి మోకాళ్ళ గురించి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ఎక్కడ తినాలన్నది ఎటు నడవాలన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ పేట అంతా ఏటవాలు. తిర్సో దె మొలీనా, అంతోన్ మార్తిన్ పైన ఉంటాయి, లావపియెస్ కూడలి కింద ఉంటుంది. పై స్టేషన్లలో దిగి, తింటూ ఆగుతూ కిందికి రండి. రెండూ ఒకటో లైను మీదే ఉన్నాయి. లావపియెస్ స్టేషన్ మూడో లైను మీద ఉంది. ఎక్కే పని మెట్రోకు వదిలేయండి.

రెండోది వేళ. రాత్రి ఎనిమిది భోజనం ఇక్కడ కుదరదు. మధ్యాహ్నం వంటశాలలు ఒంటిగంటన్నరకు తెరుస్తారు, రెండున్నరకు నిండుతాయి, నాలుగుకు కట్టేస్తారు. రాత్రి మళ్ళీ ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా పొయ్యి వెలగదు. మధ్యలో బారులో చల్లటి చిరుతిళ్ళు మాత్రం దొరుకుతాయి. అందుకని పెద్ద భోజనం మధ్యాహ్నం రెండుకు పెట్టుకుని, రాత్రి పళ్ళు, పెరుగు, రొట్టెతో సరిపెట్టండి. శనివారాలు రాత్రి పలహారం చేసే ఇళ్ళవాళ్ళకు ఇది కొత్త కాదు. చాలా చోట్ల ఆదివారం రాత్రి, సోమవారం మూసి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

మ్యూజియానికి మంగళవారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయమే వెళ్ళండి. బయటికి వచ్చాక వెనక వైపు అర్గుమోసా వీధి ఉంటుంది. చెట్ల కింద వరుసగా బల్లలు వేసి ఉంటారు, నేల కూడా చదునుగా ఉంటుంది. గెర్నికా చూసి వచ్చిన మనిషికి కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చునే చోటు కావాలి, దానికి ఆ వీధి బాగుంటుంది.

అక్టోబరులోనే తపాపియెస్ అనే పండుగ జరుగుతుంది. పేటలోని చాలా బారులు తలా ఒక చిన్న వంటకం చేసి తక్కువ ధరకు పెడతాయి. మీ తేదీలు దానితో కలిస్తే సాయంత్రాలు వీధులు కిక్కిరిసిపోతాయి. పెద్దవాళ్ళతో వెళ్ళాలంటే మధ్యాహ్నమే మేలు.

గోంగూరపువ్వు | సెప్టెంబరు 25

మీ అమ్మగారి వంతు నేను చెబుతాను. నేనూ గుడ్డు తినను, మాడ్రిడ్‌లో రెండేళ్ళు చదువుకున్నాను. మొదటి ఆరు నెలలు చాలా బాధపడ్డాను. ఆ తర్వాత కూడా ఊరు అదే, తిండీ అదే. నేను అడిగే మాట మాత్రం మారింది.

‘సిన్ కార్నె’ అంటే మాంసం లేకుండా అని అర్థం, కానీ ఇక్కడ చాలామందికి కార్నె అంటే ముక్కలుగా కోసి వండిన మాంసమే. హమోన్ అనే ఉప్పు వేసి ఆరబెట్టిన పంది తొడ, ట్యూనా చేప వాళ్ళ లెక్కలో దాని కిందికి రావు. వాళ్ళు మనల్ని మోసం చేయడం లేదు, ఆ మాటకు వాళ్ళ భాషలో ఉన్న హద్దే అంత. అందుకని ఒక్కొక్కటీ విడిగా చెప్పాలి: సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ హువెవో, సిన్ కాల్దో దె కార్నె. చివరిది మాంసం ఉడికించిన నీళ్ళు. అది అడగకపోతే పప్పుల్లో, సూపుల్లో అదే ఉంటుంది. లెంతేహాస్ అంటే మసూరు పప్పే కానీ అందులో చోరిసో అనే పంది సాసేజి ముక్కలు వేసి ఉడికిస్తారు. ‘సాంద్‌విచ్ వెహెతాల్’ అనే పేరు చూసి పొరబడకండి, ట్యూనా, గుడ్డు రెండూ ఉండేది అందులోనే. ‘ఎన్సలాదా మిస్తా’ కూడా అంతే.

ఇంకో ఉపాయం ఉంది. ఐరోపా నియమం ప్రకారం 2014 డిసెంబరు నుంచి ప్రతి భోజనశాలా 14 రకాల అలర్జీ పదార్థాల వివరం చెప్పి తీరాలి. గుడ్డు, చేప, రొయ్యజాతి, గుల్లలు, పాలు అన్నీ అందులో ఉంటాయి. ‘లా కార్తా దె అలెర్హెనోస్’ అని అడిగితే పట్టిక తెచ్చి ఇస్తారు, గుడ్డు సంగతి కాగితం మీదే తేలిపోతుంది. మాంసం మాత్రం ఆ 14లో లేదు, కాబట్టి హమోన్, కాల్దో నోటితోనే అడగాలి.

ఇక అమ్మగారు హాయిగా తినగలిగేవి. పాన్ కోన్ తొమాతె: కాల్చిన రొట్టె మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె, ఉప్పు. పిస్తో: వంకాయ, గుమ్మడిజాతి కాయ, మిరప, టమాటా నూనెలో మగ్గించిన కూర. పైన గుడ్డు పెడతారు, వద్దని చెప్పాలి. మన వంకాయ టమాటా కూరకు చాలా దగ్గర, కారం ఒక్కటే తక్కువ. పిమియెంతోస్ దె పద్రోన్: చిన్న పచ్చి మిరపకాయలు నూనెలో వేయించి రాళ్ళ ఉప్పు చల్లుతారు. ఎక్కువ భాగం చప్పగానే ఉంటాయి, ఎక్కడో ఒకటి మండుతుంది. సెతాస్ అంటే పుట్టగొడుగులు పెనం మీద కాల్చినవి, వాటి మీద కూడా అడక్కుండానే హమోన్ చల్లుతారు, జాగ్రత్త. సాల్మొరెహో అనే చిక్కటి చల్లటి టమాటా గుజ్జు మీద గుడ్డు, హమోన్ రెండూ చల్లుతారు కాబట్టి రెండూ వద్దనాలి. పతాతాస్ బ్రావాస్ బంగాళాదుంప ముక్కలే, కానీ మాడ్రిడ్ పద్ధతిలో ఆ ఎర్ర సాసు కొందరు మాంసం నీళ్ళతో చేస్తారు, అడిగి తీసుకోండి. చుర్రోస్ మామూలుగా పిండి, నీళ్ళు, ఉప్పు మాత్రమే, నిశ్చింతగా తినవచ్చు.

వేపుడు నూనె మాత్రం చాలా చోట్ల చేపలకూ కూరగాయలకూ ఒకటే. అమ్మగారికి అది పట్టింపు ఉంటే ‘ఆ లా ప్లాంచా’ అనండి, విడిగా పెనం మీద కాలుస్తారు.

బోటివేపుడు | సెప్టెంబరు 25

మాది హనుమకొండ. నాన్నగారు కొత్తవి రుచి చూస్తారని రాశారు కాబట్టి ఆయన తరఫున నేను రాస్తున్నాను.

ఎంబహదోరెస్ వీధి 84లో గయినెహాస్ వేయించే పాత దుకాణం ఉంది. గయినెహాస్ అంటే గొర్రెపిల్ల పేగులు, వాటి కొవ్వులోనే కరకరలాడేలా వేయిస్తారు. ఎంత్రెసిహోస్ అనేది పేగులను పట్టి ఉంచే పొర. ఇది అచ్చంగా మాడ్రిడ్ పేదల తిండి. కబేళా దగ్గరి పేటల్లో, మంచి మాంసం కొనలేనివాళ్ళు కనిపెట్టిన రుచి. ఒకప్పుడు ఊరంతా ఇలాంటి దుకాణాలు ఉండేవి, ఇప్పుడు చాలా తక్కువ. మొదటిసారి అక్కడ పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు మా ఊళ్ళో ఆదివారం పొద్దున బోటి కడుగుతున్న మా నాయనమ్మ గుర్తొచ్చింది. మసాలా ఉండదు, ఉప్పే. జేబులో కారప్పొడి ఉంటే తీసుకెళ్ళండి.

ఆదివారం రాస్త్రో సంత చూడటానికి వెళ్తారు కదా, కాస్కోర్రో కూడలిలో కాసా అమదెయో ఉంది. 1942 నుంచి నత్తల పులుసుకు పేరు. చోరిసో వేసిన ఎర్రటి పులుసు, గుల్ల లోంచి పుల్లతో లాగి తినాలి. మీది గోదావరి కాబట్టి నత్తల గురించి మీకు నేను చెప్పేదేముంది. ఆ పక్కనే వారా దెల్ రెయ్ కూడలిలో బార్ సాంతుర్సె ఉంటుంది, సార్దీన్ చేపలు పెనం మీద కాల్చి వేడివేడిగా పెడతారు. నిలబడే తినాలి. పన్నెండుకు వెళ్తే నయం, ఒంటిగంటకు అడుగు పెట్టలేరు.

గొడ్డుమాంసం తినరన్నారు కాబట్టి కాయోస్, రాబో దె తోరో తీసుకోకండి. మొదటిది ఆవు పొట్ట, రెండోది ఎద్దు తోక.

లెక్కలమాస్టారు | సెప్టెంబరు 26

పని రోజుల్లో ‘మెను దెల్ దియా’ అడగండి. మొదటి వంటకం, రెండో వంటకం, రొట్టె, తాగడానికి ఒకటి, ఆఖర్న తీపి లేదా కాఫీ, అన్నిటికీ కలిపి ఒకే ధర. లావపియెస్‌లో నేను 13 నుంచి 16 యూరోల మధ్య తిన్నాను. దీని వెనక చరిత్ర కూడా ఉంది. 1960లలో స్పెయిన్ నియంత ఫ్రాంకో కాలపు పర్యాటక శాఖ, విదేశీయుల కోసం స్థిరమైన ధరకు పూర్తి భోజనం పెట్టాలని హోటళ్ళకు నిబంధన విధించింది. పర్యాటకుల కోసం పుట్టినది కూలీల, గుమాస్తాల మధ్యాహ్న భోజనంగా మారి నిలిచిపోయింది. మన మెస్సు భోజనంలాగే, తలుపు మీద సుద్దతో రాసిన పలక ఉన్నచోటికి వెళ్ళాలి. అమ్మగారు మొదటి వంటకాల జాబితా నుంచే రెండు తీసుకోవచ్చు, అడిగితే ఒప్పుకుంటారు. కూరగాయలు ఉండేది అందులోనే.

నీళ్ళకు డబ్బు పెట్టకండి. 2022 నాటి చట్టం ప్రకారం కుళాయి నీళ్ళు అడిగితే ఉచితంగా ఇవ్వాలి. ‘ఊనా హార్రా దె ఆగ్వా’ అంటే చాలు. మాడ్రిడ్ నీళ్ళు బాగుంటాయి. బయట బల్ల దగ్గర కూర్చుంటే కొన్నిచోట్ల ధర కాస్త ఎక్కువ. మద్యం తాగనివాళ్ళకు మోస్తో అని ద్రాక్షరసం ఉంటుంది, బారులో అందరితో పాటు చిన్న గ్లాసు పట్టుకుని నిలబడవచ్చు. దానితో పాటు ఆలివ్ కాయలో, చిప్సో ఉచితంగా పెడతారు.

రాత్రిబండి | సెప్టెంబరు 27

ఒక హెచ్చరిక. లావపియెస్ వీధిలో అటూ ఇటూ ‘ఇండియన్’ రెస్టారెంట్లు వరుసగా ఉంటాయి. తలుపు దగ్గర మనిషి నిలబడి, బొమ్మల మెనూ చూపించి పిలుస్తాడు. గత ఏడాది మా అత్తమామలతో అలాంటి ఒకదానిలో కూర్చున్నాను. మద్రాస్ కూర, విందాలూ, కోర్మా అని మూడు తెప్పిస్తే మూడూ ఒకే ఉల్లిపాయ గుజ్జు, రంగులు వేరు. శాకాహారం అని గట్టిగా చెప్పినా అన్నంలో కోడిముక్క వచ్చింది. మా అత్తగారు ఆ రాత్రి ఏమీ తినలేదు. అంత దూరం వెళ్ళి మన తిండి వెతుక్కోవడమే తప్పు. అక్కడివాళ్ళ తిండి తినండి.

సీతాకోక | సెప్టెంబరు 27

రాత్రిబండి గారూ, మీ అత్తగారికి జరిగింది నిజంగా బాధ కలిగించింది. కానీ చివరి మాటతో ఏకీభవించలేను. అరవై దాటినవాళ్ళకు మూడో రోజు ఒళ్ళు అన్నం, పప్పు అడుగుతుంది. అందులో తప్పేమీ లేదు. మా అమ్మ ప్యారిస్‌లో నాలుగో రోజు గుప్పెడు అన్నం కోసం ఏడ్చింది. రుచి చూడటానికి ఓపిక కావాలంటే ముందు కడుపు శాంతించాలి. ఐదు రోజుల్లో ఒక పూట అన్నం పెట్టండి, మిగతా తొమ్మిది పూటలూ వాళ్ళు సంతోషంగా కొత్తవి తింటారు.

ఎంబహదోరెస్ నివాసి | సెప్టెంబరు 28

మీరిద్దరూ చెప్పినది నిజమే. ఆ వీధి గురించి మరో సంగతి చెబుతాను.

అక్కడ వండేవాళ్ళలో ఎక్కువమంది బంగ్లాదేశ్ వాళ్ళు. బొమ్మల మెనూలో ఉన్నది వాళ్ళ తిండి కాదు. బ్రిటన్‌లో వాళ్ళ ముందు తరం తెల్లవాళ్ళ కోసం తయారుచేసిన జాబితా అది, ఇక్కడికీ అదే వచ్చింది. మీరు వంటవాళ్ళు తినే తిండి అడగండి. నేను మొదటి ఏడాది ఒక చోట తరచూ వెళ్ళేవాణ్ణి. మధ్యాహ్నం మూడున్నరకు జనం పలచబడ్డాక పనివాళ్ళు మూల బల్ల దగ్గర కూర్చుని అన్నం, పప్పు, ఆలూ భర్తా తింటున్నారు. ఉడికిన బంగాళాదుంపను ఎండుమిర్చి, ఉల్లిపాయ, ఆవనూనెతో చేత్తో మెదిపిన పచ్చడి. నాకూ అదే పెట్టమన్నాను. హిందీలో అడిగాను, ఆయన నవ్వి లోపలికి వెళ్ళి పళ్ళెం తెచ్చాడు. అప్పటి నుంచి అక్కడ నేను మెనూ చూడలేదు. చోటు పేరు రాయడం లేదు, వంటవాళ్ళు దుకాణాలు మారుతూ ఉంటారు. తలుపు దగ్గర పిలిచే మనిషి లేని, లోపల బెంగాలీ మాటలు వినిపించే చిన్న చోటు చూసుకుని, ఒకరోజు ముందు వెళ్ళి మాట్లాడండి.

నాన్నగారిది రాజమహేంద్రవరం అన్నారు కదా. బంగ్లాదేశ్ వాళ్ళు ప్రాణం పెట్టే ఇలీశ్ చేప మన పులసే, జాతి ఒకటే. ఆ వీధుల్లోని బంగ్లా కిరాణా కొట్లలో గడ్డకట్టించినది దొరుకుతుంది, ముందే చెబితే వండుతారు. ఆవపిండి వేసి చేస్తారు, చింతపండు పులుసు కాదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే ఊరివాళ్ళకు మాడ్రిడ్‌లో ఆ పళ్ళెం ఎలా అనిపిస్తుందో నాకు తెలుసుకోవాలని ఉంది.

గోంగూరపువ్వు | సెప్టెంబరు 28

అమ్మగారికి గిన్నెల పట్టింపు ఎంత? అదే వంటింట్లో చేప, కోడి వండుతారు. ఆవిడకు ముందే చెప్పి, ఆవిడ సరేనంటేనే తీసుకెళ్ళండి. దాచిపెట్టి తినిపించవద్దు. వద్దంటే ఎంబహదోరెస్ వీధి 41లో 1944 నాటి సాన్ ఫెర్నాందో మార్కెట్ ఉంది, శని, ఆదివారాల మధ్యాహ్నం కళకళలాడుతుంది. ఒక్కొక్కరు ఒక్కో కొట్టులో తెచ్చుకుని ఒకే బల్ల దగ్గర తినవచ్చు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. అక్కడే పాత పుస్తకాలు తూకానికి అమ్మే కొట్టు ఉంది, నాన్నగారు బొమ్మల పుస్తకాలు చూసుకోవచ్చు.

బోటివేపుడు | సెప్టెంబరు 28

ఇంకొకటి మరచాను. కాబెస్త్రెరోస్ వీధి దగ్గర, నెల్సన్ మండేలా కూడలిలో బావోబాబ్ అనే సెనెగల్ భోజనశాల ఉంది. మాఫె అంటే వేరుశనగ గుజ్జులో ఉడికించిన మాంసం, అన్నంలో కలుపుకుని తినాలి. ఏ మాంసమో అడిగి తీసుకోండి. యాస్సా అయితే కోడి, ఉల్లిపాయ, నిమ్మరసం. పళ్ళేలు పెద్దవి, ఇద్దరికి ఒకటి చాలు.

ఎంబహదోరెస్ నివాసి | సెప్టెంబరు 29

నాన్నగారు చిత్రకారులు కాబట్టి మెసోన్ దె పారెదెస్ వీధి 13లోని అంతోనియో సాంచెస్ తావెర్నా చూపించండి. మాడ్రిడ్‌లో మిగిలిన అతి పాత మధుశాలల్లో ఒకటి, చిత్రకారుడు ఇగ్నాసియో సులోఆగా వచ్చి కూర్చునేవాడు. గోడ మీద ఎద్దు తల, నల్లబడిన చెక్క. తోర్రిహాస్ తినండి, పాలలో నానబెట్టి వేయించిన రొట్టె. గుడ్డులో ముంచుతారు కాబట్టి అమ్మగారికి పనికిరాదు.

తూర్పుగాలి | అక్టోబరు 19

అందరికీ కృతజ్ఞతలు. నిన్న తిరిగి వచ్చాం. ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళకు ఏం జరిగిందో చెప్పకపోతే తప్పు.

మొదటి రోజే అర్గుమోసా వీధిలో పొరపాటు జరిగింది. పుట్టగొడుగులు తెప్పించాను, హమోన్ వద్దని చెప్పడం మరచాను. ఎర్రటి ముక్కలు చల్లి తెచ్చారు. అమ్మ ఒక్క మాట అనకుండా పళ్ళెం నాన్న వైపు జరిపింది. నేను చెప్పగానే వడ్డించే అమ్మాయి తనదే తప్పన్నట్టు నొచ్చుకుని కొత్త పళ్ళెం చేయించి తెచ్చింది. ఆ తర్వాత గోంగూరపువ్వు గారి ఐదు మాటలూ కాగితం మీద రాసి అమ్మ చేతికే ఇచ్చాను. రెండో రోజు నుంచి ఆవిడే చదివి వినిపించేది. ‘సిన్ కాల్దో దె కార్నె’ అని అమ్మ గట్టిగా పలుకుతుంటే వాళ్ళు మరింత జాగ్రత్తగా వినేవారు. పద్రోన్ మిరపకాయలు నాలుగు పూటలు తింది. మండేది తనకే రావాలని వెతుక్కుని మరీ తింది.

నాన్న గెర్నికా ముందు గంటకు పైగా ఉన్నారు. బయటికి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. మోస్తో తాగి, ఆలివ్ కాయలు తిని, అప్పుడు ఆ చిత్రంలోని గుర్రం నాలుక గురించి చెప్పడం మొదలుపెట్టారు. మెను దెల్ దియా వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు. నత్తలు తిన్నారు, ‘ఉప్పు సరిపోయింది, చింతపండు పడలేదు’ అన్నారు. గయినెహాస్ మాత్రం ఒక ముక్కతో ఆపేశారు, కొవ్వు ఎక్కువైంది. బోటివేపుడు గారు మన్నించాలి.

నాలుగో రోజు అన్నం. గిన్నెల సంగతి అమ్మకు ముందే చెప్పాను. ఒక పూట ఆలోచించి, ‘పప్పుకు వేరే గిన్నె పెట్టమను, చాలు’ అంది. ఒకరోజు ముందు వెళ్ళి ఆ మాట చెబితే వంటాయన వెంటనే ఒప్పుకున్నాడు. వాళ్ళ అమ్మ ఉపవాసాల నెలలో ఇలాగే పట్టింపుగా ఉంటుందట. మాకు వేడి అన్నం, పప్పు, ఆలూ భర్తా, వంకాయ భర్తా పెట్టాడు. అమ్మ చేత్తో కలుపుకుని తింటుంటే పక్క బల్లవాళ్ళు చూశారు, ఆవిడ పట్టించుకోలేదు. రెండోసారి అన్నం అడిగింది. వంటాయన స్వయంగా వచ్చి వడ్డించి, అమ్మ వద్దనేదాకా చేయి ఆపలేదు.

నాన్నకు ఇలీశ్ వచ్చింది. ముళ్ళు తీయడం ఆయనకు చెప్పనక్కరలేదు. తిని, చేయి కడుక్కుని వచ్చి వంటాయనతో హిందీలో గంభీరంగా అన్నారు: ‘సముద్రంలో ఉన్నంతకాలం ఇది ఇలస. గోదావరి నీళ్ళు తాగాకే పులస. మీది పద్మా నది నీళ్ళు తాగిన చేప.’ ఆయన చందపూర్ వాడట, పద్మా, మేఘనా కలిసేచోటు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ నదుల గురించి మాట్లాడుకుంటుంటే మేము బయట ఎదురుచూశాం.

రాత్రిబండి | అక్టోబరు 20

చదివాను. డిసెంబరులో మా అత్తమామలను మళ్ళీ తీసుకెళ్దామని మా ఆవిడ అంటోంది. చేప కోసం ఎన్ని రోజుల ముందు చెప్పాలి?

తూర్పుగాలి | అక్టోబరు 20

ఒక రోజు ముందు చాలు. కొట్టు నుంచి తెచ్చి రాత్రంతా మంచు కరగనివ్వాలి. మీ అత్తగారి పప్పుకు వేరే గిన్నె కావాలని కూడా అప్పుడే చెప్పండి.